వాల్టర్ పేటన్: కొలంబియా బడి నుంచి షికాగో బేర్స్ దాకా

వాల్టర్ పేటన్ అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో అగ్రశ్రేణి రన్నింగ్ బ్యాక్. 1975 నుంచి 1987 వరకు పదమూడు సీజన్లు షికాగో బేర్స్ జట్టు ఒక్కదానికే ఆడి, బంతితో 16,726 గజాలు పరుగెత్తాడు. అతడు ఆట మానేసేనాటికి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో అంత దూరం పరుగెత్తినవారు ఎవరూ లేరు. మిసిసిపీ రాష్ట్రంలో నల్లవారి బడి, తెల్లవారి బడి వేరువేరుగా ఉన్న రోజుల్లో పెరిగి, నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన జాక్సన్ స్టేట్‌లో డిగ్రీ చదివి, అక్కడి నుంచే వృత్తి క్రీడలోకి వెళ్లాడు. అతడి ప్రతిభ గురించి ఎంతో రాశారు. ఆ ప్రతిభను గుర్తించి, తీర్చిదిద్ది, పైకి పంపిన నల్లజాతి బడుల గురించి, కోచ్‌ల గురించి, కళాశాలల గురించి కూడా అంతే చెప్పుకోవాలి. ఆ వ్యవస్థ లేకపోతే ఈ కథే లేదు.

రన్నింగ్ బ్యాక్ చేసే పని

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టు నుంచి 11 మంది బరిలో ఉంటారు. రెండు గోల్ గీతల మధ్య దూరం 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు వెళుతుంది. బంతిని అవతలి గోల్ గీత దాటిస్తే అది టచ్‌డౌన్, దాని విలువ ఆరు పాయింట్లు.

ప్రతి ప్రయత్నంలోనూ క్వార్టర్‌బ్యాక్ ముందు రెండు దారులుంటాయి. బంతిని గాలిలో విసరవచ్చు, లేదా వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. అందుకున్నవాడు తన జట్టు భారీకాయులు తెరిచిన సందులోంచి దూసుకుపోవాలి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి మీదికి వచ్చినట్టే ఎదుటి జట్టంతా అతడి మీదికే వస్తుంది. బంతి తన చేతిలో లేనప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడుతూ ఎదురొచ్చేవారిని అడ్డుకోవాలి, అవసరమైతే విసిరిన బంతిని పట్టుకోవాలి. ఇన్ని దెబ్బలు ఓర్చుకోవాలి గనుక ఈ స్థానంలో ఆడేవారి క్రీడాజీవితం సాధారణంగా చిన్నది. పేటన్ మాత్రం పదమూడు సీజన్లలో ఒక్క ఆటకే దూరమయ్యాడు.

కొలంబియాలో బాల్యం

పేటన్ మిసిసిపీ దక్షిణ భాగంలో పెర్ల్ నది ఒడ్డున ఉన్న కొలంబియా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. ముగ్గురు పిల్లల్లో వాల్టర్ చివరివాడు. అన్న ఎడ్డీ అప్పటికే నల్లజాతి పిల్లల బడి అయిన జెఫర్సన్ హైస్కూల్లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. తమ్ముడికి సంగీతం మీద మక్కువ. బడి బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు, లాంగ్‌జంప్‌లో పోటీపడేవాడు. అన్నతో పోలికలు వస్తాయనే ఉద్దేశంతో చాలాకాలం ఫుట్‌బాల్ జోలికే పోలేదు.

ఎడ్డీ చదువు ముగించి వెళ్లాక జెఫర్సన్ కోచ్ చార్లెస్ బోస్టన్ వాల్టర్‌ను పిలిచి జట్టులోకి రమ్మన్నారు. బ్యాండు మానుకోనక్కర్లేదంటేనే వస్తానని కుర్రాడు షరతు పెట్టాడు. బోస్టన్ ఒప్పుకున్నారు. హైస్కూలు ఆటలో తొలిసారి బంతి చేతికందినప్పుడే వాల్టర్ 65 గజాలు పరుగెత్తాడు. ఆ రోజు నుంచి జట్టు ఆట అతడి చుట్టూ తిరిగింది.

రెండు బడులు ఒకటైన ఏడాది

జాతిని బట్టి బడులు విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. మిసిసిపీ మాత్రం ఆ తీర్పును ఏళ్ల తరబడి తప్పించుకుంటూ వచ్చింది. అదే రాష్ట్రంలోని హోమ్స్ కౌంటీ నుంచి వచ్చిన కేసులో 1969 అక్టోబరులో కోర్టు మరోసారి తీర్పునిస్తూ, ఇక ఒక్క రోజు కూడా జాప్యం కుదరదని, బడులను వెంటనే కలపాలని ఆదేశించింది. ఆ ఫలితంగా 1970లో జెఫర్సన్ విద్యార్థులు శ్వేతజాతి పిల్లల కొలంబియా హైస్కూల్లో కలిశారు.

దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి విలీనాలు జరిగిన ప్రతిచోటా ఒక నష్టం కూడా వెంట వచ్చింది. నల్లజాతి బడుల ప్రధానోపాధ్యాయులు, కోచ్‌లు తమ హోదా కోల్పోయారు. కొలంబియాలోనూ అదే జరిగింది. కొత్త జట్టుకు టామీ డేవిస్ అనే శ్వేతజాతి కోచ్‌ను ప్రధాన కోచ్‌గా నియమించారు. ఏళ్లుగా జట్టును నడిపిన బోస్టన్‌కు సహాయకుడి పని అప్పగించారు. ఈ అన్యాయం పేటన్‌ను బాధించింది. ఆ వసంతంలో సాధనకు కొంతకాలం దూరంగా ఉండి తన నిరసన తెలిపాడు. ఆటల కాలం మొదలయ్యేసరికి తిరిగి వచ్చాడు.

కలిసిన బడి తరఫున ఆడిన ఆ ఏడాది జట్టు ఎవరూ ఊహించని విధంగా ఎనిమిది విజయాలు సాధించి, రెండు ఆటలే ఓడింది. పేటన్ రాష్ట్రస్థాయి ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు. శుక్రవారం రాత్రుల్లో ఒకే జట్టుకోసం రెండు జాతుల ప్రజలూ ఒకే గ్యాలరీలో కేకలు వేయడం ఆ ఊరికి కొత్త. పట్టణంలో ఉద్రిక్తత సడలడానికి అతడి ఆట తోడ్పడిందని ఊరివారు చెప్పుకున్నారు. తన గురువుకు అన్యాయం జరిగిన జట్టులోనే ఈ పేరు తెచ్చుకున్నాడన్నది కూడా ఆ విజయంలో భాగమే.

తెరుచుకోని తలుపులు

అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్‌కు దారి కళాశాల మీదుగానే పోతుంది. దక్షిణాదిలో పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్. ఆ కూటమిలో ఫుట్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతి విద్యార్థి 1967లో కెంటకీ తరఫున బరిలోకి దిగాడు. మిసిసిపీ విశ్వవిద్యాలయం ప్రధాన జట్టులో నల్లజాతి ఆటగాడు 1972లో గానీ కనిపించలేదు. పేటన్ 1971లో హైస్కూలు ముగించినప్పుడు ఆ కూటమిలోని ఏ విశ్వవిద్యాలయమూ అతడిని పిలవలేదు. మొదట ఉత్తరాన ఉన్న కాన్సస్ స్టేట్‌కు వెళ్లాలనుకున్నా, చివరికి అన్న ఎడ్డీ ఆడుతున్న జాక్సన్ స్టేట్‌నే ఎంచుకున్నాడు.

జాక్సన్ స్టేట్

రాష్ట్ర రాజధాని జాక్సన్‌లోని ఈ కళాశాల అప్పటికి ఒక గాయంతో ఉంది. 1970 మే 15న పోలీసులు విద్యార్థినుల వసతిగృహం మీద కాల్పులు జరపగా ఇద్దరు యువకులు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది పేటన్ ఆ ప్రాంగణంలో అడుగుపెట్టాడు.

కోచ్ బాబ్ హిల్ శిక్షణ కఠినంగా ఉండేది. ఎవరైనా పట్టుకోబోతుంటే గీత బయటికి జారిపోయి దెబ్బ తప్పించుకోవడాన్ని ఆయన ఒప్పుకునేవారు కాదు. కింద పడక తప్పదనుకుంటే, పడగొట్టేవాడికే ముందు దెబ్బ తగలాలన్నది ఆయన పాఠం. పేటన్ దాన్ని జీవితాంతం పాటించాడు. తేలిగ్గా లొంగిపోవద్దన్న ఆ బోధే అతడి మరణానంతరం వచ్చిన ఆత్మకథకు ‘నెవర్ డై ఈజీ’ అనే పేరైంది. వేసవిలో పెర్ల్ నది ఇసుకలో పరుగెత్తి కాళ్లకు బలం తెచ్చుకునేవాడు. ఇసుకలో మలుపు తిరగడం అలవాటైన కాళ్లకు గడ్డి మీద మలుపు సులువు. సుమారు 5 అడుగుల 10 అంగుళాల ఎత్తే ఉన్నా, ఒక చేత్తో ఎదుటివాణ్ణి నెట్టేయడం, పరుగు మధ్యలో అడుగుల లయ మార్చి వెంటాడేవాణ్ణి తికమకపెట్టడం అతడి ఆటకు గుర్తులయ్యాయి.

1972లో లేన్ కళాశాలతో జరిగిన ఆటలో ఒక్కడే ఏడు టచ్‌డౌన్లతో కలిపి 46 పాయింట్లు సాధించాడు. జట్టుకు అవసరమైతే బంతిని గోల్‌లోకి తన్నే పని కూడా చేసేవాడు. నాలుగేళ్లలో 3,500 గజాలకు పైగా పరుగెత్తాడు. అంటే బంతి అందుకున్న ప్రతిసారీ సగటున ఆరు గజాలకు పైగా సాధించినట్టు. మొత్తం 464 పాయింట్లు ఆనాటి కళాశాల క్రీడల్లో జాతీయ రికార్డు. తరువాతి కాలంలో ‘స్వీట్‌నెస్’ అనే ముద్దుపేరుతో దేశమంతా అతడిని ఎరిగింది. 1975లో పట్టా కూడా పుచ్చుకున్నాడు.

ఇంత చేసినా, కళాశాల ఆటగాళ్లకిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓట్లలో 1974లో అతడి పేరు మొదటి పదిమందిలో లేదు. విజేత ఒహాయో స్టేట్‌కు చెందిన ఆర్చీ గ్రిఫిన్. నల్లజాతి కళాశాలల ఆటలు టీవీలో అరుదుగా వచ్చేవి. ఓటు వేసే విలేకరుల్లో అత్యధికులు ఆ మైదానాల వైపు చూసినవారు కారు.

1975 డ్రాఫ్ట్

వృత్తి జట్లు మాత్రం చూశాయి. గ్రాంబ్లింగ్ కళాశాలకు చెందిన ట్యాంక్ యంగర్ 1949లోనే లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టులో చేరి ఈ దారి తెరిచాడు. 1960లలో కొత్తగా పుట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఆటగాళ్ల కోసం నల్లజాతి కళాశాలల వైపు తిరిగింది. 1963లో ఆ లీగ్ డ్రాఫ్టులో, అంటే జట్లు ఒకదాని తర్వాత ఒకటి కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, మొట్టమొదట ఎంపికైన బక్ బుకానన్‌ది కూడా గ్రాంబ్లింగే. నల్లజాతి పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్‌లో క్రీడా విలేకరిగా పనిచేసిన బిల్ నన్, తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో చేరి ఆ కళాశాలల నుంచి మేటి ఆటగాళ్లను తెచ్చారు. ఈ పాతికేళ్ల కృషి వల్లే 1975 నాటికి జాక్సన్ స్టేట్ పేరు వృత్తి జట్లకు కొత్త కాదు.

డ్రాఫ్టులో గత ఏడాది బలహీనంగా ఆడిన జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం ఉంటుంది. 1974లో 14 ఆటల్లో నాలుగే గెలిచిన షికాగో బేర్స్‌కు నాలుగో అవకాశం వచ్చింది. వారు పేటన్‌ను తీసుకున్నారు. ఆరో ఎంపికగా హ్యూస్టన్ ఆయిలర్స్ తీసుకున్న రాబర్ట్ బ్రెజిల్ కూడా జాక్సన్ స్టేట్ ఆటగాడే. దేశమంతటి నుంచి ఎంపికైన మొదటి ఆరుగురిలో ఇద్దరు ఒకే నల్లజాతి కళాశాల నుంచి వచ్చారు. కళాశాలలో పేటన్‌కు దారి తెరిచిన జాకీ స్లేటర్‌ను మరుసటి ఏడాది రామ్స్ తీసుకున్నారు. తర్వాతి కాలంలో పేటన్, బ్రెజిల్, స్లేటర్ ముగ్గురూ వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

మొదటి మూడు సీజన్లు

మొదటి ఆట చేదుగా సాగింది. బాల్టిమోర్ కోల్ట్స్ మీద ఎనిమిదిసార్లు బంతి అందుకుని పేటన్ సాధించినది సున్నా గజాలు. బలహీనమైన జట్టులో రన్నింగ్ బ్యాక్‌కు ముందు దారి తెరిచేవారే ఉండరు. ఆ సీజను మొత్తానికి 679 గజాలు సాధించాడు. అయితే చివరి ఆటలో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద తీసిన 134 గజాలు రాబోయేదేమిటో చెప్పాయి.

1976లో 1,390 గజాలు. 1977లో 1,852 గజాలు, 14 టచ్‌డౌన్లు. ఆ ఏడాది నవంబరు 20న ఫ్లూతో బాధపడుతూనే మిన్నెసోటా వైకింగ్స్ మీద 40 సార్లు బంతి అందుకుని 275 గజాలు పరుగెత్తాడు. ఒకే ఆటలో అంత దూరం అప్పటివరకు ఎవరూ పోలేదు. 2000 వరకు ఆ రికార్డు నిలిచింది. బేర్స్ 1963 తర్వాత తొలిసారి, విజేతను తేల్చే ప్లేఆఫ్స్‌కు చేరారు. పేటన్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. కళాశాల ఓటింగులో పట్టించుకోని ఆటగాడు మూడేళ్లకే దేశంలో అందరికంటే మిన్న అనిపించుకున్నాడు.

తరువాతి కాలం

1984 అక్టోబరు 7న జిమ్ బ్రౌన్ పేరిట ఉన్న 12,312 గజాల రికార్డును దాటాడు. 1985 సీజనులో బేర్స్ 16 ఆటల్లో 15 గెలిచి, 1986 జనవరి 26న లీగ్ తుది ఆట అయిన సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 46-10 స్కోరుతో ఓడించారు. ఆ ఆటలో టచ్‌డౌన్ చేసే అవకాశం పేటన్‌కు రాలేదు. అందుకు తానే బాధ్యుడినని కోచ్ మైక్ డిట్కా తర్వాత బహిరంగంగా విచారించారు. 1987 సీజనుతో పేటన్ ఆట ముగించాడు. అప్పటికి అతడి ఖాతాలో పరుగుతో సాధించిన 110 టచ్‌డౌన్లు, పట్టుకున్న 492 పాసులు ఉన్నాయి. బేర్స్ అతడి 34వ నంబరును మరెవరికీ ఇవ్వలేదు. 1993లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినప్పుడు అతడిని సభకు పరిచయం చేసినది కొడుకు జారెట్. 2002లో ఎమిట్ స్మిత్ అతడి మొత్తం గజాల రికార్డును దాటాడు.

1999 ఫిబ్రవరిలో తనకు అరుదైన కాలేయ వ్యాధి ఉందని పేటన్ ప్రకటించాడు. అదే ఏడాది నవంబరు 1న పిత్తనాళ క్యాన్సర్‌తో చనిపోయాడు. వ్యాధి బయటపెట్టిన నాటి నుంచి అవయవదానం కోసం గొంతెత్తాడు. సమాజసేవ చేసే ఆటగాడికి లీగ్ ఏటా ఇచ్చే పురస్కారానికి 1999లో అతడి పేరు పెట్టారు.

వారసత్వం

పేటన్ ఆటలోకి వచ్చిన కాలంలోనే దక్షిణాది విశ్వవిద్యాలయాలు నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు తెరిచాయి. మంచి ఆటగాళ్లు అటు వెళ్లడంతో నల్లజాతి కళాశాలల జట్లు క్రమంగా బలహీనపడ్డాయి. హక్కుగా రావలసిన మార్పు వచ్చింది. దాని ఖరీదులో కొంత మాత్రం ఎవరూ పిలవని రోజుల్లో ఆ పిల్లలను చేరదీసిన సంస్థలే చెల్లించాయి. అయినా ఆ దారి మూసుకుపోలేదు. 1985లో మిసిసిపీ వ్యాలీ స్టేట్ నుంచి జెర్రీ రైస్ మొదటి రౌండులోనే ఎంపికయ్యాడు. పెద్ద కూటముల బయట ఉండే కళాశాలల్లో బంతి ఉన్న పక్షాన ఆడే మేటి ఆటగాడికి 1987 నుంచి వాల్టర్ పేటన్ పేరిట బహుమతి ఇస్తున్నారు. 1994లో దాన్ని గెలిచిన స్టీవ్ మెక్‌నేర్ మిసిసిపీలోనే పుట్టి, అక్కడి నల్లజాతి కళాశాల అల్కార్న్ స్టేట్‌లో ఆడినవాడు. మరుసటి ఏడాది డ్రాఫ్టులో అతడు, పేటన్ కంటే ఒక స్థానం ముందుగా, మూడో ఆటగాడిగా ఎంపికయ్యాడు.