పెనుబల్లి నుండి మూడు రోజులు: పాస్‌పోర్టు అక్కర్లేని సరిహద్దులు

మొన్నామధ్య మా టీమ్‌లో లాంగ్ వీకెండ్ చర్చ నడిచింది. ఒకాయన బ్యాంకాక్‌కి మూడు రోజుల ప్లాన్ ఎక్సెల్‌లో వేసుకొచ్చాడు. ఒక్కో గంటకీ ఒక్కో వరస: ఏ గుడి, ఏ పడవ, ఎక్కడ డబ్బులు మార్చాలి, అయుత్థయకి ఏ రైలు, ఎన్నింటికల్లా హోటల్‌కి చేరాలి, అన్నీ అందులో ఉన్నాయి. చూసి ముచ్చటేసింది, నిజంగానే. మా ప్రాజెక్టు ప్లాన్ ఏనాడూ అంత శుభ్రంగా లేదు. ఆ మాటల్లోనే "మీ ఊరి పక్కన చూడ్డానికి ఏమన్నా ఉందా బాసూ?" అని నన్నడిగాడు. మాది పెనుబల్లి అని, ఖమ్మం దాటాక ఇంకో అరవై డెబ్భై కిలోమీటర్లని చెప్పి, "భద్రాచలం ఉందిగా" అనేసి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక నేనూ ఒక ఎక్సెల్ తెరిచాను. రెండో వరస దగ్గరే అది చరిత్ర పాఠంలోకి దిగిపోయింది. ఆ పాఠమే ఇక్కడ రాస్తున్నాను, బోరు కొడితే క్షమించాలి.

పెనుబల్లి గురించి ముందు తెలియాల్సింది అది నాలుగు దారుల కూడలి అని. ఊరిని ఆనుకునే వి.ఎం.బంజర సెంటరు. అక్కడ ఖమ్మం నుండి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి పోయే రోడ్డునీ, విజయవాడ నుండి తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోయే రోడ్డునీ ఒకేచోట పట్టుకోవచ్చు. ఈ రెండోదాన్ని మేం చిన్నప్పట్నుంచీ 221 అనేవాళ్ళం. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు అది జాతీయ రహదారి 30లో కలిసింది. దాని రెండో కొస ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో ఉంది. మా సెంటర్లో టీ తాగుతూ నిలబడితే లక్నో, జబల్‌పూర్, రాయపూర్ లారీలు ఎందుకొస్తాయో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఇదీ కారణం.

ఇక సరిహద్దు సంగతి. బంజర నుండి దక్షిణంగా అరగంట పోతే తిరువూరు. 1766లో నిజాం ఉత్తర సర్కారులని ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాక తిరువూరు కంపెనీ వైపు పోయింది, మా వైపు నిజాం కింద ఉండిపోయింది. మధ్యలో కొండలేమీ లేవు, ఏరేమీ లేదు, పొలాల మీదుగా ఒక గీత, అంతే. మా తాతయ్య ఎడ్లబండిలో తిరువూరు వెళ్ళాలంటే కరోడ్‌గిరి నాకా దగ్గర ఆగాల్సిందే. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు వారి కస్టమ్స్. ఇటు చెల్లేది హాలీ సిక్కా, అటు చెల్లేది కల్దారు. ఏడు హాలీ రూపాయలకి ఆరు కల్దారు రూపాయల చొప్పున మారకం. మా మిత్రుడి ఎక్సెల్‌లో "కరెన్సీ మార్పిడి" అన్న వరస చూడగానే నాకు తాతయ్య గుర్తొచ్చింది అందుకే. ఆయన తన మేనమామ ఇంటికి పోవడానికి డబ్బులు మార్చుకునేవాడు!

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చాక ఆ గీత జిల్లాల హద్దుగా మిగిలింది. 2014 జూన్ 2న మళ్ళీ రాష్ట్రాల హద్దయింది. దాదాపు అదే గీత. దీన్ని ఎవరి గెలుపుగానో ఓటమిగానో నేను రాయడం లేదు. మా బంధువుల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. పెళ్ళి పిలుపులకి తిరిగేటప్పుడు బండి నంబరు ప్లేటు చూసి "ఏ రాష్ట్రం బాబూ" అని ఆపినప్పుడల్లా తాతయ్య నాకా కథలు గుర్తొస్తాయి, అంతే.

సరే, ప్లాన్ కొద్దాం. హైదరాబాద్ నుండి వచ్చేవాళ్ళు సూర్యాపేట నుండి నేరుగా ఖమ్మం రాకుండా, కోదాడ దాకా పోయి అక్కణ్ణుంచి ఖమ్మం రోడ్డు పట్టుకోండి. దారిలో నేలకొండపల్లి వస్తుంది. కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పుట్టిన ఊరు. ఊరవతల పెద్ద బౌద్ధ స్థూపం కూడా ఉంది. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూడని హైదరాబాదీ ఐటీ మనిషి ఉండడు, ఆఫీసు ఔటింగు పేరుతోనైనా చూసే ఉంటాం. కథ చివర చూసి మొదలూ మధ్యా చూడకుండా వదిలేశాం అన్నమాట. అక్కన్న మాదన్నలకి గోపన్న మేనల్లుడు. పాల్వంచ పరగణాకి తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి జైలుకి పోయాడు. అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కింది 1672లో, గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో. ఆ పదిహేనేళ్ళలోనే ఉద్యోగం, గుడి, పన్నెండేళ్ళ జైలు, విడుదల అన్నీ పట్టించాలి. లెక్క బాగా ఇరుకు. కథలోని పన్నెండు పురాణాల పన్నెండేమో అని నా అనుమానం. కానీ ఆ తర్వాతి పాలకులు కూడా శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని వదల్లేదు, ఈనాటికీ ప్రభుత్వం తరఫున వెళుతూనే ఉన్నాయి. అది మాత్రం కథ కాదు.

మొదటి రోజు సాయంత్రానికి పెనుబల్లి చేరితే చాలు. వెలుతురుంటే లంకాసాగర్ చెరువు గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు (రికార్డుల్లో అది కట్టలేరు మీద మధ్యతరహా ప్రాజెక్టు, మాకు మాత్రం చెరువే). శివరాత్రి రోజులైతే అడవిలో నీలాద్రీశ్వరుడి జాతర. సత్తుపల్లి వైపు పోతే జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కనబడుతుంది. 1973 నుండి 1978 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న మా ప్రాంతం మనిషి జలగం వెంగళరావు పేరది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆయన హయాంలోనే.

రెండో రోజు పూర్తిగా ఉత్తరానికి. తెల్లారగట్ల బయల్దేరండి. దారిలో కొత్తగూడెం. ఇక్కడి రైల్వే స్టేషను పేరు భద్రాచలం రోడ్. ఆ పేరు నమ్మి దిగినవాళ్ళు, గుడికి ఇంకా నలభై కిలోమీటర్లుందని తెలిసి నోరెళ్ళబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఈ రైలు వచ్చిందే బొగ్గు కోసం, రాముడి కోసం కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. ఆ వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం.

నేను ఆగాలనుకునేది గోదావరి దగ్గర. వంతెన 1965లో ప్రారంభమైంది. అంతకుముందు దాటాలంటే పడవే. వంతెన దాటగానే మీరు గుడి గోపురం కోసం చూస్తారు, నేను మాత్రం ఒక చిక్కు ప్రశ్న గురించి ఆలోచిస్తాను. గుడి కట్టించింది గోల్కొండ తహశీల్దారు. ముత్యాలు పంపింది హైదరాబాదు. మరి మా తాతయ్య కాలానికి ఆ గుడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఎందుకుంది? నది ఇవతల బూర్గంపాడు నిజాంది, అవతల భద్రాచలం ఇంగ్లీషువాళ్ళది. ఎందుకలా?

జవాబు పత్తి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక ఆర్థర్ కాటన్ కన్ను గోదావరి పైభాగం మీద పడింది. నాగపూర్, బేరారు పత్తిని పడవల్లో సముద్రం దాకా దింపాలన్నది ఆయన కల. ఇంజనీర్లకి మామూలుగా వచ్చే కలే. కానీ నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. వాటిలో మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టాలి. లాకు అంటే రెండు తలుపుల మధ్య పడవని ఉంచి నీళ్ళు నింపితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఇదంతా చెయ్యాలంటే ఒడ్డు తమ చేతిలో ఉండాలి. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చేశాడు. బదులుగా రాయచూరు అంతర్వేది లాంటివి వెనక్కి తీసుకున్నాడు. నది మీద సరుకుకి సుంకం ఉండకూడదన్నది కూడా అందులో ఒక షరతు. అలా భద్రాద్రి రాముడు పడవల లెక్కలో అవతలికి పోయాడు.

అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకి పత్తి కరువైనప్పుడు ఈ ప్రాజెక్టుకి ఎక్కడలేని ఊపొచ్చింది. మన భాషలో చెప్పాలంటే ఎస్కలేషన్! మన్యం జ్వరాలు కూలీలనీ దొరలనీ తేడా లేకుండా పట్టుకున్నాయి. ఇంతలో 1865లో యుద్ధం అయిపోయింది, 1867లో బొంబాయి నుండి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కి పడమరకి పోయింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. అవసరం తీరిపోయాక కూడా డెలివరీ కోసం కొట్టుకునే ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. భద్రాచలం నుండి పర్ణశాల వెళ్ళే ప్రతివాడూ దుమ్ముగూడెం మీదుగానే వెళతాడు. ఆనకట్ట దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. మీరు ఆగండి. పర్ణశాలలో సీతమ్మ నారచీరల గుర్తులు ఎలాగూ చూపిస్తారు, అక్కడ గైడ్లకి కొదవ లేదు. కాటన్ కాలువకి మాత్రం గైడ్ లేడు.

ప్రాజెక్టు పోయింది గానీ గీత మిగిలింది. 1874లో ఆ తాలూకాలని సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి తీసి మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిపారు. రూల్సు మారాయి, రేకపల్లి వైపు పోడు వ్యవసాయం మీద పన్ను పెరిగింది. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కూడా అందులో కలవడానికి అదొక కారణం. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాలోకి మార్చారు. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం ఊరు మినహా చుట్టుపక్కల ఊళ్ళని, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలని, ఇవతలి ఒడ్డున కుక్కునూరు, వేలేరుపాడులని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రాముడి గుడి తెలంగాణలో, ఆయన భూములు పక్కనే పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. 1860 ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్ళెవరికీ ఈ సంగతి తట్టి ఉండదు.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా మేనత్తని ఇచ్చింది కూనవరంలో. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. వాళ్ళ ఇల్లు పాతది, మామయ్య వాళ్ళ తాతగారు కట్టించింది. ఆ ఇల్లు అంగుళం కదలకుండా మద్రాసు రాష్ట్రంలో, 1953 నుండి ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 1959 నుండి ఖమ్మం జిల్లా, 2014 నుండి మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చినప్పుడు ఇంట్లో గూళ్ళదాకా నీళ్ళు. 2022 జూలైలో 71.3 అడుగులప్పుడు మళ్ళీ నీళ్ళు. గోడ మీద రెండు గీతలూ అత్తే సున్నంతో గీసి పెట్టింది. పోలవరంలో పూర్తి మట్టానికి, అంటే 45.72 మీటర్లకి, నీళ్ళు నిలబెడితే మూడో గీత అక్కర్లేదు.

మూడో రోజు తిరుగు ప్రయాణానికి ముందు మీకు ఓపికుంటే సత్తుపల్లి, చింతలపూడి మీదుగా కామవరపుకోట పక్కన జీలకర్రగూడెం పోండి. గుంటుపల్లి బౌద్ధ గుహలు. క్రీస్తు పూర్వం నాటివి. గుండ్రటి చైత్యగుహ లోపల తలెత్తి చూస్తే పూరింటి కప్పుకి ఉండే వాసాలు కనిపిస్తాయి, రాతిలో. బీహార్ బరాబర్ గుహల్లాంటి పని. రాయికి వాసాల అవసరం లేదు, అయినా చెక్కారు, ఎందుకంటే చెక్కినవాళ్ళకి ఇల్లంటే అదే. మా మిత్రుడి అయుత్థయ ఇటుక స్తూపాల కంటే ఇవి పదహారు పదిహేడు వందల ఏళ్ళు పెద్దవి. (ఈ మాట ఆయనకి చెబితే "వైఫై ఉందా" అన్నాడు.)

పాపికొండల పడవ ఎక్కాలనుకుంటే విడిగా ఒక రోజు పెట్టుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి, వరద రోజుల్లో అసలు వద్దు.

ఇక నా ఎక్సెల్‌లో మార్పొకటి చేశాను. రెండో రోజు పర్ణశాల నుండి మధ్యాహ్నానికే తిరిగొచ్చి, భద్రాచలం నుండి ఎటపాక మీదుగా కూనవరం. సుమారు యాభై కిలోమీటర్లు. బ్యాంకాక్ ప్లాన్ అయిన మిత్రుడు డిసెంబరులో వస్తానన్నాడు, చూడాలి. అత్తకి ఫోన్ చేసి చెప్పాను. "ఎంతమందో ముందురోజు చెప్పరా, చేపలు పొద్దున్నే తెప్పించాలి. చీకటి పడేదాకా ఉండకండి, ఆ రోడ్డు మంచిది కాదు" అంది.