నీరుగా వచ్చిన పూవు

తిరుపతి గోవిందరాజస్వామి సన్నిధివీధిలో, తెల్లవారకమునుపే బుట్ట దించుకొని, తడిగుడ్డ మడతలు విప్పుచు కూర్చుండు పూలమ్ము అవ్వ యొకతె కలదు. పుస్తకములు చదివిన అలవాటుచేత నేను "గులాబీలున్నాయా అవ్వా?" యని అడిగినపుడెల్ల, ఆమె నా వంక ఒక్కక్షణము చూచి, "పన్నీరు రోజానా, బటన్ రోజానా, తాజ్‌మాలా? ఏది గావాల నాయనా?" యని మారుప్రశ్న వేయును. గులాబి యను మాట ఆమెకు తెలియనిది కాదు. ఆమె బేరమునకు అక్కరలేనిది. తమిళదేశమునకు గడపవంటిదైన మన చిత్తూరు సీమలో ఆ పూవు పేరు రోజా. వాటిలో కమ్మని వాసన గలదాని పేరు పన్నీరు రోజా. ఒక్క పూవునకు గులాబి, పన్నీరు, రోజా యని మూడు మాటలు ఏర్పడుట నిఘంటుకారుల వినోదము మాత్రమే కాదు. ఆ పూవు మన వాకిటికి వచ్చిన త్రోవలకు అవి గురుతులు. ఆ గురుతుల వెంట వెనుకకు నడచినచో తేలు విశేషమేమనగా, ఈ పూవు మనకు మొదట పూవై రాలేదు, నీరై వచ్చినది.

మన ప్రాచీనకవుల ఉద్యానములలో వెదకినవారికి మల్లె, మొల్ల, జాజి, సంపెంగ, పొగడ, పొన్న, కలువ, తామర సమృద్ధిగా లభించును గాని, నేడు పూలకెల్ల రాణియని పొగడ్త కెక్కిన గులాబికి పీట వేసినవారు అరుదు. మన్మథుని పంచబాణములు అరవిందము, అశోకము, చూతము, నవమల్లిక, నీలోత్పలము. ఆరవ పూవునకు ఆ అమ్ములపొదిలో చోటు లేదు. కవులకంటె వైద్యులు కొంత నయము. 16వ శతాబ్దమునాటి భావమిశ్రుడు తన భావప్రకాశమున శతపత్రి, తరుణి, కర్ణిక, చారుకేసర యను పేళ్ళతో చెప్పి, చలువ చేయునదనియు హృదయమునకు హితమనియు గుణములు నిర్ణయించిన పూవును వ్యాఖ్యాతలు గులాబిగనే గ్రహింతురు. పేళ్ళ తికమక అంతటితో తీరలేదు: ఉత్తరదేశమున సేవతీ యన్నచో తెల్లగులాబి, ఆ పేరే దక్షిణమునకు దిగివచ్చి, సేవంతియై, చామంతికి అంటుకొన్నది. నీలగిరి, పళని కొండల చల్లని ఎత్తులలో తెల్లపూలు పూయు అడవిగులాబి తీగ యొకటి సహజముగ మొలచుచున్నను, అది కొండ దిగి మన ఎండలకు తాళి పెరటిమొక్కయైన జాతి కాదు. కావున మన పూవు పుట్టిల్లు వేరుచోట వెదకవలసినదే.

పారసీకభాషలో గుల్ అనగా పూవు, ఆబ్ అనగా నీరు. గులాబు అనునది పూవు పేరు కాదు, పూవు నుండి దించిన నీటి పేరు. తెల్లవారుజామున కోసిన రేకులను రాగిపాత్రలో నీటితో కాచి, లేచిన ఆవిరిని గొట్టము వెంట నడిపి, చల్లార్చి పట్టుకొను ఆ విద్య పశ్చిమాసియా దేశములలో ప్రబలినది; అందుకు అనుకూలమైన గులాబిజాతికి డమస్కసు నగరము పేరిట దమాస్కు గులాబి యని ప్రసిద్ధి. పొదకు నేల కావలెను, చలి కావలెను, కాపు కావలెను. సీసాకు ఓడలో ఇంత చోటు చాలును. అందుచే పొదకంటె ముందు దాని పరిమళమే సముద్రము దాటినది. ఆ నీటిని చవిచూచిన మన దక్షిణదేశమువారు దానికి తమ మాటలోనే పేరు పెట్టుకొనిరి. మలయాళమున అది పనినీరు, అనగా మంచునీరు. తెలుగునను తమిళమునను పన్నీరు. పిమ్మట ఎప్పుడో పూవు ఎదుటికి వచ్చినపుడు, తండ్రిని కొడుకు పేరుతో పిలిచినట్లు, నీటి పేరే పూవునకు పేరైనది. ఉత్తరాదివారు నీటి పేరైన గులాబును పూవునకు పెట్టిరి. మలయాళులు పనినీర్‌పూవు అనిరి. మన చిత్తూరువారు పన్నీరు రోజా అనిరి.

ఆ నీటి యందు జనులకు గల మక్కువ సామాన్యమైనది కాదు. పెండ్లివాకిట అతిథిపై వెండి పన్నీటిబుడ్డితో నాలుగు చుక్కలు చిలుకరించి, గంధము పూయకున్నచో, విందెంత ఘనమైనను మర్యాద జరుగలేదనియే లెక్క. నూర్జహాను తల్లి అస్మత్ బేగము పన్నీరు తయారగుచుండగా పాత్రలపై తేలిన నూనెతెట్టును చుక్కచుక్కగా తీసి అత్తరు చేసెనని జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో వ్రాసికొన్నాడు. అంతకు చాల ముందే, 1443లో విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, ఆ నగరమున గులాబీలు ఎల్లెడల అమ్ముడుపోవుచున్నవనియు, అక్కడివారికి అవి అన్నమువలె నిత్యావసరములనియు ఆశ్చర్యపడి వ్రాసెను. అయితే గుల్ అను మాటకు పారసీకమున పుష్పసామాన్యమను అర్థమును, గులాబి యను విశేషార్థమును గలవు గనుక, ఆ అంగళ్ళలోని బుట్టలన్నియు గులాబులవే యని ప్రమాణము చేయుట సాహసము. పూలు లేక బ్రతుకజాలని జనులని మాత్రము నిస్సందేహముగ చెప్పవచ్చును. ఆ రాజ్యపు చివరి రాజధానులలో నొకటియైన చంద్రగిరి తిరుపతికి కూతవేటు దూరమున నున్నది. ఆ మక్కువ మన వీధులలో నేటికిని తగ్గలేదు.

ఇక రోజా యను మూడవ మాట తూర్పు, పడమటి రేవులలో ఐరోపీయులు దిగిన పిదప వినబడినది. పోర్చుగీసుల పలుకుబడికి అది మిక్కిలి చేరువ. ఆ పేరుతో వచ్చిన పూలకథ మరింత విచిత్రము. ఐరోపాలోని పాతగులాబులలో పెక్కు ఏటికొక్కసారి పూసి ఊరకుండెడివి. 18వ శతాబ్దపు చివరను చైనానుండి అచ్చటికి చేరిన గులాబులకో, ఋతువుతో నిమిత్తము లేక పూయు గుణము గలదు. ఈ రెండు వంశములకును ఎవరి ప్రమేయము లేకుండ సంబంధము కుదిరిన చోటు హిందూమహాసముద్రములోని ఒక చిన్న దీవి. నేడు రెయూనియన్ అనబడు నాటి బోర్బన్ దీవిలో, పొలములకు కంచెగా దమాస్కు గులాబులను, చైనా గులాబులను కలిపి నాటెడివారు. ఆ కంచెలో తనంతట మొలచిన సంకరజాతియే ఎదువార్ గులాబి. 1817లో ఆ దీవికి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెయోను దానిని గుర్తించి విత్తులను పారిసుకు పంపగా, బోర్బన్ గులాబులను నూతనశాఖ వెలసినది. ఆ ఎదువారే మన నోట ఎడ్వర్డు రోజా. సంతలో పన్నీరు రోజా యని పిలువబడు పూవునే ఉద్యానగ్రంథములు తరచుగా ఎడ్వర్డు రోజా యని వ్రాయును. అవ్వ బుట్టలోని ఆ లేతగులాబిరంగు పూవున, పన్నీటికి తల్లియైన దమాస్కు గులాబి నెత్తురు నిజముగనే కలదన్నమాట. నిఘంటువు చూడక పేరు పెట్టిన జనులు తప్పుపోలేదు.

అటుపిమ్మట ఐరోపావారి సంకరవిద్య వేగము పుంజుకొన్నది. 1867లో ఫ్రాన్సుదేశపు గియో పుట్టించిన 'లా ఫ్రాన్స్' మొదటి హైబ్రిడ్ టీ గులాబియని ప్రసిద్ధము. తేయాకు వాసన పోలిన చైనాగులాబుల సంతతి యగుటచే టీ యను పేరు. 1897లో వెలువడిన 'గ్రస్ ఆన్ టెప్లిట్జ్' అను ముదురెరుపు పూవు మన దేశపు ఎండలకు ఓర్చి, మాలల పూవుగా నిలిచినది. గోధుమ వంగడముల పరిశోధనలో పేరుగాంచి, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టరు జనరలైన బెంజమిన్ పియరీ పాల్, తీరిక వేళల గులాబులను సృష్టించి, 1966లో భారతదేశపు గులాబిని గూర్చి గ్రంథమే వ్రాసెను. ఆంధ్రప్రదేశమున ఐ.ఎ.ఎస్. అధికారిగ పనిచేసిన వీరరాఘవన్, భార్య గిరిజతో కొడైకెనాలున స్థిరపడి, చలిదేశపు గులాబులు మన వేడిమికి ఓర్వలేవు గనుక మన దేశపు అడవిజాతులతోనే వేడినేలల గులాబులను పుట్టింపవలెనని యత్నించుచు వచ్చెను. వారి పసుపువన్నె గులాబి యొకదాని పేరు 'గోల్డెన్ త్రెషోల్డ్'. హైదరాబాదులోని సరోజినీ నాయుడుగారి ఇంటి పేరదియే.

ఇన్ని దేశములు తిరిగివచ్చిన పూవును మన కొండమీది దైవము పరాయిదనలేదు. వైష్ణవసంప్రదాయమున తిరుమలకు పుష్పమండపమని పేరు. భగవద్రామానుజుల ఆనతిపై శ్రీరంగమునుండి వచ్చిన అనంతాళ్వారు గర్భవతియైన భార్యతో కలసి చెరువు త్రవ్వి, నందనవనము పెంచిన కథను వినని, ఆయన గడ్డపారను మహాద్వారమున చూడని యాత్రికుడుండడు. అనంతాళ్వారు నాటినవాటిలో గులాబి యున్నదని ఎవ్వరును చెప్పరు. అయినను నేడు కార్తికమాసమున శ్రవణానక్షత్రమునాడు జరుగు పుష్పయాగమున తులసి, దవనము, మరువము, చామంతుల సరసన బుట్టలకొలది రోజాలు స్వామిపై కురియుచున్నవి. కొండపైన పూచిన పూవెల్ల స్వామిదే గనుక అచ్చట మానవులు పూలు ముడువరాదని ఆచారము. నా చిన్నతనమున మా అమ్మ అలిపిరి మెట్ల మొదట నిలిచి, జడలోని పన్నీరు రోజాను తీసి, ఒక్కసారి వాసన చూచి, మెట్టు ప్రక్కన మెల్లగ ఉంచి పైకి నడచెడిది. దిగి వచ్చునప్పటికి రేకులు మాత్రము మిగిలియుండెడివి.

పూవు కథ విన్నవారికి మొక్కను సాకు కోరిక కలుగుట సహజము గనుక, ఆ సంగతియు కొంత చెప్పవలసియున్నది. మన సీమలోని నీరు నిలువని ఎర్రగరప నేల రోజాకు మేలు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత తీసి, బాగుగ మాగిన పశువుల ఎరువును, గుప్పెడు వేపపిండిని, గానుగనుండి తెచ్చిన వేరుశనగచెక్కను మన్నుతో కలిపి నింపి, అంటుముడి మట్టికి పైననే ఉండునట్లు నాటవలెను. పన్నీరు రోజా కొమ్మ గుచ్చినను బ్రతుకును. కాడకొక్క పెద్దపూవు పూయు హైబ్రిడ్ టీలను, గుత్తులుగ పూయు ఫ్లోరిబండాలను మాత్రము, మొండిజాతి మొదలుపై మొగ్గ అంటు కట్టియే పెంచుదురు.

ఆ అంటు మర్మము తెలియక నేనొక ఏడు మోసపోతిని. పసుపురోజా యని కొనితెచ్చిన మొక్క రెండవయేట ఏపుగ పెరిగి, ప్రహరీగోడ దాటి, ఒక్క పూవైనను పూయలేదు. తోటపని చేయు పెద్దాయన వచ్చి, ఆకును వ్రేళ్ళమధ్య పరచి, చిట్టాకులు లెక్కపెట్టి, "ఏడుండాయి. అంటు సచ్చిపాయ, మొదలు బతికె. మీరు నీళ్ళు పోసి సాకింది దీన్నే నాయనా" యనెను. సాధారణముగ పెద్దపూల రోజాకు ఆకునకు అయిదు చిట్టాకులు. అంటుముడి క్రిందనుండి లేచిన పిలకకు ఏడో తొమ్మిదో యుండును. అట్టి పిలకను పైపైన కత్తిరింపక, మన్ను త్రవ్వి, పుట్టినచోటనే పెరికివేయవలెనని ఆయనవలననే నేర్చికొంటిని.

కత్తిరింపు లేనిదే రోజా లేదు. తిరుపతిలో ఈశాన్యపు వానలు తగ్గుముఖము పట్టు కార్తికమాసాంతమే అదను. ఎండిన కొమ్మలను, లోపలికి పెనవేసికొన్న కొమ్మలను తీసివేసి, పన్నీరు రోజాను సగమునకును, హైబ్రిడ్ టీని ఇంకను క్రిందికిని, వెలుపలివైపు చూచు కన్నునకు కొంచెము పైగ ఏటవాలుగ కోసి, కోతలకు బోర్డో ముద్ద పూయవలెను. ఫ్లోరిబండాకు, బటన్ రోజాకు తేలిక కత్తిరింపు చాలును. తీగరోజా పెద్దకొమ్మలను కోయక అడ్డముగ వంచి కట్టినచో కన్నుకన్నునను పూయును. కత్తిరించిన నలుబదియైదు దినములకు పూవు. కార్తికాంతమున కత్తి పెట్టినవారికి సంక్రాంతి ముగ్గున గొబ్బెమ్మపై రోజా తప్పదు. వానకాలమున ఆకులపై నల్లమచ్చ, చలిలో బూడిదతెగులు, ఎండలలో ఎర్రనల్లి, తామరపురుగు దీని నిత్యశత్రువులు. మచ్చపడి రాలిన ఆకులను ఏరి దూరముగ కాల్చి, ఉదయమే ఆకు తడవకుండ మొదటనే నీరు పోసి, రోహిణికార్తె మంటలలో పాదున వేరుశనగపొట్టు పరచినచో సగము బాధ తీరును.

పడమట పలమనేరు, వి.కోట, కుప్పము ప్రాంతములు బెంగుళూరి చలువలో పాలుగొన్నవి గనుక రోజా అచ్చట పైరైనది. అయితే ఆ పొలములలో మీకు కనబడునది ఎక్కువగ పన్నీరు రోజా కాదు. అచ్చటి పూవు దూరపు మార్కెట్లకు రాత్రి లారీలో పోయి, మరునాడు అంగడిలో వాడకుండ నిలువవలెను. కాడ నిడుపుగ, రేకు గట్టిగ ఉండవలెను. అట్టి గుణముల కొరకు ఏరి ఏరి పెంచిన పూలలో వాసన వెనుకబడినది. తాజ్‌మహల్ రోజాను ముక్కు దగ్గర పెట్టుకొన్నచో కన్నులకు పండుగయే గాని, ముక్కునకు ఉపవాసము.

ఈ మాట అవ్వతో అన్నప్పుడు ఆమె నవ్వి, గుడ్డ అడుగుమడతనుండి నాలుగు పన్నీరు రోజాలు తీసి నా చేత పెట్టినది. "ఇది రేత్రి లారీకి తాళదు నాయనా. మాపటికే రేకు రాల్చేస్తది. అడిగినోళ్ళకే ఎత్తిపెడతా." సీసాలో సముద్రము దాటి, దీవికంచెలో మొలచి, ఇన్ని పేళ్ళు మోసిన పూవు ఇప్పుడు ఒక్క రాత్రి ప్రయాణమునకు ఓర్వదు, అందుచేతనే అది ఇంకను మన పెరటిలో మిగిలినది. ఆ సాయంకాలము దేవునిగూటిలో ఉంచిన పూలు, అవ్వ చెప్పినట్లే, రేకులు విడిచి ప్రక్కనున్న రాగిచెంబులో రాలినవి. తెల్లవారి తీర్థము పుచ్చుకొన్న మా మనుమరాలు, పన్నీరెవరు పోసిరని అడిగినది.