నదీమట్ట సమాచారం: చదివే తీరు, భద్రపరచే తీరు

మహారాష్ట్రలోని సిరోంచ దరిని ప్రాణహితను కలుపుకొన్న గోదావరి, భద్రాచలం, రాజమహేంద్రవరం దాటి, ధవళేశ్వరం దిగువన గౌతమీ పాయగా యానాం చెంత సాగరాభిముఖమవుతుంది. సిరోంచలోనూ యానాంలోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. రాష్ట్రాలు వేరైనా ఈ రెండు ఊళ్ల వారి వరద భయం ఒక్కటే. ఎగువన నీరు ఎంత పెరిగింది, దిగువకు ఎప్పుడు చేరుతుంది అన్న ప్రశ్నలకు నేడు నదీతీర కేంద్రాలు గంటగంటకు సమాధానం పంపుతున్నాయి. ఆ సమాచారం ఎవరైనా చూడవచ్చు, తమ కంప్యూటరులో భద్రపరచుకోవచ్చు. అయితే అంకె వెనుక ఉన్న కొలమానం తెలియకపోతే, ఆ అంకె మేలు కంటె కీడే ఎక్కువ చేయగలదు.

కేంద్రం పనిచేసే విధానం

మన దేశంలో వరద అంచనాల బాధ్యత కేంద్ర జల సంఘానిది. 1958లో ఢిల్లీ వద్ద యమునా నదిపై ఈ సేవ ఆరంభమైంది. పూర్వం ఉద్యోగి రేవులోని కొలబద్దను చూచి, మట్టాన్ని వైర్‌లెస్ ద్వారా తెలిపేవాడు. ఆ పద్ధతి నేటికీ కొనసాగుతున్నా, దానికి తోడు స్వయంచాలక టెలిమెట్రీ కేంద్రాలు వచ్చాయి.

వంతెనకు అమర్చిన రాడార్ పరికరం కిందికి తరంగాలను పంపి, అవి నీటిని తాకి తిరిగివచ్చే కాలాన్నిబట్టి నీటి ఉపరితలం ఎంత దూరంలో ఉన్నదో లెక్కిస్తుంది. పరికరం ఎత్తు ముందే తెలుసు గనుక, ఆ దూరాన్ని తీసివేయగా వచ్చేదే నీటిమట్టం. కొన్నిచోట్ల గొట్టంద్వారా గాలిబుడగలను నీటిలోకి వదలి పీడనాన్ని కొలిచే సాధనం ఉంటుంది. సౌరఫలకం, బ్యాటరీ, కొలతలను దాచే డేటా లాగర్ దీని అంగాలు. అక్కడినుండి సమాచారం ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారాగాని, మొబైల్ నెట్‌వర్కు ద్వారాగాని ప్రధాన కంప్యూటర్లకు చేరుతుంది.

చూడవలసిన చోటు

తాజా మట్టాలకు కేంద్ర జల సంఘం వారి వరద అంచనాల వెబ్‌సైటు, 2023 ఆగస్టులో విడుదలైన ఫ్లడ్‌వాచ్ ఇండియా మొబైల్ యాప్ ఉపకరిస్తాయి. పటంలో ఒక్కొక్క కేంద్రం ఒక్కొక్క రంగులో కనిపిస్తుంది. ఆకుపచ్చ సాధారణ స్థితికి, పసుపు హెచ్చరిక మట్టం దాటినందుకు, నారింజ ప్రమాద మట్టం దాటినందుకు, ఎరుపు అంతవరకు నమోదైన గరిష్ఠ మట్టాన్ని అందుకున్నందుకు గుర్తులు. గత సంవత్సరాల పట్టికలకు ఇండియా-వ్రిస్ పోర్టల్ ఆధారం. దీనిని 2018లో ఏర్పడిన జాతీయ జల సమాచార కేంద్రం నిర్వహిస్తున్నది.

ఒకే నీరు, రెండు అంకెలు

భద్రాచలం వద్ద మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు 43, 48, 53 అడుగులని గోదావరి తీరాన అందరికీ తెలిసినదే. అదే కేంద్రానికి కేంద్ర జల సంఘం పట్టికలో హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, ప్రమాద మట్టం 48.77 మీటర్లు అని ఉంటుంది. ఈ భేదానికి కారణం సులభం. ఊరివారి అడుగులు రేవులోని కొలబద్ద సున్నానుండి లెక్క. సంఘం వారి మీటర్లు సముద్రమట్టంనుండి లెక్క. 45.72 మీటర్లు సరిగా 150 అడుగులు. అందులోనుండి 107 అడుగులు తీసివేస్తే 43 వస్తుంది. 48.77 మీటర్లు 160 అడుగులు. 107 పోగా మిగిలేది 53. అనగా కొలబద్ద సున్నా సముద్రమట్టానికి 107 అడుగుల ఎత్తున ఉన్నదన్నమాట.

1986 ఆగస్టు 16న నమోదైన గరిష్ఠ మట్టం 75.6 అడుగులు. దానికి 107 కలిపి మీటర్లలోకి మార్చితే పట్టికలోని 55.66 వస్తుంది. 2022 జూలై 16న వచ్చిన 71.3 అడుగులకు ఇదే లెక్కన సుమారు 54.35 మీటర్లు.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది. తెరపై 48.77 అని చూచి దానిని అడుగులని భ్రమించినవారు రెండవ హెచ్చరిక ఇప్పుడే దాటిందని తలుస్తారు. నిజానికి అప్పటికి నది మూడవ హెచ్చరికను చేరి ఉంటుంది. రెండింటి నడుమ 5 అడుగుల నీరు. లోతట్టు ఇంటికి, పశువుల కొట్టానికి, ధాన్యపు గాదెకు ఆ 5 అడుగులే జీవన్మరణ సమస్య కావచ్చు.

107 అనే సంఖ్య భద్రాచలానికే చెల్లుతుందని గుర్తుంచుకోవాలి. ప్రతి కేంద్రానికీ సున్నా వేరు. ధవళేశ్వరం వద్ద మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలపు 53, ధవళేశ్వరపు 17.75 రెండూ మూడవ హెచ్చరికలే.

డౌన్‌లోడ్ చేసుకొనే క్రమం

పోర్టల్‌లో మొదట నదీమట్టం అనే అంశాన్ని, తరువాత రాష్ట్రాన్ని లేదా నదీ పరీవాహకాన్ని, పిదప కేంద్రాన్ని, చివరకు కాలవ్యవధిని ఎంచుకోవాలి. మనుషులు చూచి వ్రాసిన కొలతలు, టెలిమెట్రీ కొలతలు వేరువేరుగా ఉంటాయి గనుక ఏది కావాలో నిర్ణయించుకోవాలి. పట్టిక కనిపించిన పిదప దానిని ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. ఫైలు పేరులోనే కేంద్రం, నది, ఆరంభ తేదీ, అంత్య తేదీ, కొలమానం ఉండేటట్లు వ్రాసుకొనుట ఉత్తమం. ఏడాది గడచిన పిదప వట్టి అంకెల ఫైలు ఎవరికీ అర్థం కాదు.

పట్టికలో సరిచూడవలసినవి

మొదటిది కాలం. టెలిమెట్రీ ఫైలులో కాలం యూటీసీలో ఉంటే, భారత కాలానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. యూటీసీ ప్రకారం జూలై 15 రాత్రి 8 గంటలంటే మనకు జూలై 16 తెల్లవారుజాము 1.30.

రెండవది తేదీ. 05-08-2022 అన్నది మనకు ఆగస్టు 5. అమెరికా పద్ధతిలో అమర్చిన ఎక్సెల్ దానిని మే 8గా గ్రహిస్తుంది.

మూడవది లోపించిన కొలతలు. పరికరం మూగవోయిన గంటలలో గడి ఖాళీగాగాని, సున్నాగాగాని, -999 వంటి గుర్తుగాగాని ఉండవచ్చు. వాటిని నీటిమట్టాలుగా భావించి సగటు తీయరాదు. ముందు వెనుక గంటలకు పొంతన లేకుండా ఒక్కసారిగా ఎగసిన అంకెనూ శంకించవలసిందే. టెలిమెట్రీ కొలతలు తొలుత పరిశీలన జరగక ముందే ప్రకటితమవుతాయి.

మీటర్లను భద్రాచలం అడుగులలోకి మార్చడానికి 0.3048తో భాగించి 107 తీసివేయాలి. ఈ సూత్రాన్ని ఎక్సెల్‌లో కొత్త వరుసగా చేర్చి, అసలు వరుసను చెరపకుండా ఉంచాలి.

ఎగువ, దిగువ పోలిక

భద్రపరచిన ఫైళ్ల అసలు ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. ఎగువ కేంద్రం, దిగువ కేంద్రం పట్టికలను ఒకే కాలానికి పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ శిఖరమట్టం ఏ గంటకు వచ్చిందో గుర్తించాలి. ఆ రెండు గంటల నడుమ వ్యవధియే వరద ప్రయాణకాలం. నాలుగైదు వరదలకు ఇట్లు లెక్కిస్తే ఆ ఊరికి ఎంత ముందుగా సూచన లభించగలదో స్థూలంగా బోధపడుతుంది.

ఉపనదులను విస్మరించరాదు. శబరి భద్రాచలం దిగువన కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. కనుక యానాం వాసులు భద్రాచలంతోపాటు శబరిపై ఉన్న కుంట కేంద్రాన్ని కూడ చూడాలి. 2022 జూలై వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. యానాం వీధులు నీట మునిగాయి.

ఈ లెక్కలు అధికారిక హెచ్చరికకు ప్రత్యామ్నాయం కావు. ఖాళీ చేయమన్న ఆదేశం వచ్చినప్పుడు పట్టిక తెరచి వాదించడం తగదు. వరద రాకముందే కేంద్రం పేరు, సున్నా మట్టం, కొలమానం, కాలం ఒక కాగితంపై వ్రాసి పంచాయతీ కార్యాలయంలోనో పాఠశాల గోడపైనో అంటించి ఉంచితే, చీకటి రాత్రి ఫోనులో కనిపించిన అంకె అందరికీ ఒకే అర్థమిస్తుంది.