టీ ఎందుకు చండాలం అయింది?

మొన్న కోటబొమ్మాళిలో టీ తాగుతున్నాం. డిగ్రీ చదివే మన తమ్ముడొకడు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "సండాలంగా ఉందన్నా!" అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ తమ్ముడి సంచిలో స్కాలర్‌షిప్ కోసం తీయించుకున్న కుల ధ్రువీకరణ పత్రం ఉంది.

మిత్రులారా, ఆ పత్రానికి ఆధారమైన షెడ్యూల్డ్ కులాల జాబితా ఒకసారి తీసి చూడండి. మన రాష్ట్ర జాబితాలో మొదటి పేరు ఆది ఆంధ్ర. ఇంకొంచెం కిందికి రండి. ‘చండాల’ అని ఉంటుంది. మనం పాడైన కూరకీ, నచ్చని సినిమాకీ వాడే మాట ఒక కులం పేరు.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుణ్ణి ఊరి బయట ఉండమంది. పగిలిన పాత్రల్లో తినమంది, శవాల మీది బట్టలు కట్టుకోమంది. ఐదో శతాబ్దం మొదట్లో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు ఫాహియాన్, వాళ్లు పట్నంలోకి వస్తే కర్రతో చప్పుడు చేస్తూ రావాలని రాశాడు. ముందు మనుషుల్ని మురికిలోకి నెట్టారు. తర్వాత మురికికి ఆ మనుషుల పేరే పెట్టారు.

మనవాళ్లు ఊరుకోలేదు. బెంగాల్లో ఈ పేరు మోసినవాళ్లు ఏళ్ల తరబడి పోరాడి, 1911 జనాభా లెక్కల్లో నామశూద్రులుగా రాయించుకున్నారు. 1917లో బెజవాడ పంచమ మహాసభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ, ‘పంచములం’ కాదు, ఆది ఆంధ్రులం అన్నాడు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. అప్పుడు మన ప్రాంతమూ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే ఒకే జాబితాలో మనం పెట్టుకున్న పేరూ ఉంది, మన మీద రుద్దిన పేరూ ఉంది.

పదిమందిలో దళితుణ్ణి కులం పేరుతో తిడితే నేరమని, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. కానీ చట్టం మనిషిని తిట్టినప్పుడు కదులుతుంది, టీని తిట్టినప్పుడు కాదు. ఆ పని మనమే చెయ్యాలి. మా ఇంట్లో నాయనమ్మ నుంచి పిల్లల దాకా అందరి నోటా ఉన్న మాట ఇది. తిట్టు మన నోట్లోనే కాపురం పెట్టాక, తిట్టినవాడి పని సులువవుతుంది.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. మళ్లీ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగాడు.

"పాలు మాడాయన్నా" అన్నాడు.

అంతే. పాలు మాడాయి.

జై భీమ్.