కరెంటు లేని రోజుల్లో ఇంటి జనరేటర్: ఎక్కడ పెట్టాలి, ఎలా కాపాడుకోవాలి

తుఫాను దాటాక స్తంభాలు పడిపోయిన ఊళ్లలో మొదటి రెండు రోజులు అందరూ తాగునీటి కోసం, సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం తిరుగుతారు. మూడో రాత్రి నుంచి దొంగల భయం మొదలవుతుంది. ఊరంతా చీకటి, వీధి దీపాలు లేవు, పెరట్లో పశువులు, పొలంలో మోటారు, స్టార్టర్, కేబుల్. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటిన తర్వాత ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లు రోజుల తరబడి ఇలాగే గడిపాయి. ఆ తర్వాతే నేను తిరిగే గ్రామాల్లో చిన్న జనరేటర్ కొన్న రైతులు ఎక్కువగా కనిపిస్తున్నారు.

కొనడం మంచిదే. కానీ దొంగల భయంతో దాన్ని ఇంట్లో పెట్టుకుంటున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల నష్టం లెక్కలకు వెళ్లినప్పుడు ఒక ఇంట్లో పెద్దావిడ మంచం మీద వాంతులు చేసుకుంటూ పడి ఉంది. కోడలికి కూడా తల పగిలిపోతోందట. నిద్ర లేక, సరైన తిండి లేక అలా ఉందని ఇంటివాళ్లు అనుకుంటున్నారు. వెనక వసారాలో జనరేటర్ మోగుతోంది. తలుపులు వేసి, కిటికీ ఊచకు గొలుసుతో కట్టేశారు. "బయట పెడితే రాత్రికి రాత్రే ఎత్తుకుపోతారు సార్, అప్పు చేసి కొన్నాను" అన్నాడు కొడుకు. జనరేటర్ ఆపించి ఇద్దరినీ బయట గాలిలో కూర్చోబెట్టాం, తర్వాత ఆసుపత్రికి పంపాం. పగలు కాబట్టి గమనించగలిగాం. రాత్రి నిద్రలో ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

పొగ కనిపించకపోయినా విషం ఉంటుంది

ఇంజిన్ వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినప్పుడు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది కానీ మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదటి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఈ లక్షణాలు తెలియవు. పెట్రోలు జనరేటర్లలో ఈ వాయువు ఎక్కువ. డీజిల్‌లో తక్కువే అయినా మూసిన చోట అదీ ప్రమాదమే.

కిటికీ తెరిచి ఉంచాం, ఫ్యాన్ పెట్టాం అంటే సరిపోదు. వసారా, కారు షెడ్డు, మెట్ల కింద ఖాళీ, పశువుల పాక, పురుగుమందులు పెట్టే గది, వీటిలో ఏదీ పనికిరాదు. ఇంటి గోడకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. సైలెన్సర్ గొట్టం ఇంటివైపు గానీ, పక్కింటి కిటికీవైపు గానీ తిరిగి ఉండకూడదు. వాన పడుతుంటే పైన రేకు వేయండి, నాలుగు వైపులా మాత్రం మూయకండి. పట్టా కప్పి నడపడం ఇంకా ప్రమాదం, ఇంజిన్ వేడికి పట్టా అంటుకుంటుంది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ఇంకేమీ ఆలోచించకుండా అందరినీ బయటకు తీసుకురండి. ఆ తర్వాత జనరేటర్ ఆపి, 108కి ఫోన్ చేయండి. కాస్త తేరుకున్నారని మళ్లీ లోపల పడుకోబెట్టవద్దు.

మరి దొంగ సంగతి?

రైతు అడిగేది న్యాయమైన ప్రశ్నే. 20 అడుగుల దూరంలో ఆరుబయట ఉన్న యంత్రాన్ని ఎలా కాపాడుకోవాలి?

ముందుగా దానికంటూ ఒక దిమ్మె కట్టించండి. నేలకు అడుగు ఎత్తున, నాలుగడుగుల చదరంలో కాంక్రీటు దిమ్మె వేసి, కాంక్రీటు తడిగా ఉన్నప్పుడే లావుపాటి ఇనుప కొక్కెం దింపించాలి. జనరేటర్ ఫ్రేమును (చేతిపిడిని కాదు, దాని బోల్టులు ఊడదీస్తే పిడి ఊడి వస్తుంది) ఆ కొక్కేనికి మంచి గొలుసుతో కట్టి తాళం వేయాలి. వీలైతే చుట్టూ ఇనుప జాలీతో పంజరంలా చేయించి పైన రేకు బిగించండి. జాలీ అయితే గాలి ఆడుతుంది, పొగ నిలవదు. ఊళ్లో గేట్లు, కిటికీలు చేసే వెల్డింగ్ షాపు వాళ్లే దీన్ని చేస్తారు. వరద నీరు చేరే ఊరైతే దిమ్మె ఎత్తు పెంచుకోవాలి.

ఇంజిన్ మీద ఉన్న నంబరును ఫొటో తీసి, బిల్లుతో పాటు భద్రపరచుకోండి. పోయినప్పుడు పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే.

ఇక చాలామంది ఆలోచించని విషయం ఒకటుంది. ఊరంతా చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మీ జనరేటర్ చప్పుడు అర కిలోమీటరు దాకా వినిపిస్తుంది. ఆ ఇంట్లో యంత్రం ఉందని, ఇంధనం ఉందని అందరికీ తెలుస్తుంది. ఆ మోతలో కుక్క అరుపు మీకు వినిపించదు, గేటు తీసిన చప్పుడు వినిపించదు. అందువల్ల రాత్రంతా నడపడం కాపలా కాదు. సాయంత్రం 6 నుంచి 10 దాకా నడిపి, నీళ్లు ఎక్కించుకుని, ఫ్రిజ్ చల్లబరచుకుని, ఇన్వర్టర్ బ్యాటరీ నింపుకుని ఆపేయండి. రాత్రికి ఇన్వర్టర్ చాలు.

150 ఆంపియర్ అవర్, 12 వోల్టుల బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే నాలుగు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు, రెండు మామూలు ఫ్యాన్లను సుమారు ఆరు గంటలు నడుపుతుంది. ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకం అయితే తెల్లవార్లూ వస్తుంది. సీసీ కెమెరాలు ఉన్న ఇళ్లలో కెమెరాలు, రికార్డర్, ఇంటర్నెట్ డబ్బా అన్నీ కలిపినా 40, 50 వాట్లకు మించవు. వాటిని తప్పనిసరిగా ఇన్వర్టర్ లైనులో కలిపించండి. లక్ష రూపాయల కెమెరాలు పెట్టి, కరెంటు పోగానే అవి ఆగిపోయే ఇళ్లు చూశాను. పశువుల పాక దగ్గర, పెరటి గోడ దగ్గర మనిషి కదిలితే వెలిగే సోలార్ దీపం ఒక్కొక్కటి పెడితే జనరేటర్‌తో పనిలేదు. తుఫాను తర్వాత పాములు కూడా మెరకలు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. ఆ దీపం అందుకూ ఉపయోగమే.

పొలంలో సామాను విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. లైన్లో కరెంటు లేదని తెలిసినప్పుడే కేబుల్ కోసేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ తీసుకుపోయేవాళ్లు ధైర్యం చేస్తారు. స్టార్టర్ విప్పి ఇంటికి తెచ్చుకోండి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులంతా వంతులు వేసుకుని రాత్రిపూట ఒకసారి చూసి రావడం మంచిది. ఒంటరిగా వెళ్లవద్దు. ఎవరైనా కనిపిస్తే ఎదురెళ్లకుండా 112కి ఫోన్ చేయండి.

దొంగల కోసమని, అడవిపందుల కోసమని కంచెకు జనరేటర్ కరెంటు ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన మనిషో, మీ ఇంటి పిల్లవాడో ముట్టుకుంటే ప్రాణం పోతుంది, మీ మీద క్రిమినల్ కేసు అవుతుంది. సోలార్ కంచె వేరు. అందులో ప్రత్యేక యంత్రం క్షణకాలం మాత్రమే షాక్ ఇస్తుంది. దాన్ని చూసి మామూలు కరెంటు కలపవద్దు.

రెండు కొనల ప్లగ్గు

రెండు చివరలా ప్లగ్గు ఉన్న వైరును ఒకటి జనరేటర్‌కు, ఒకటి ఇంట్లో గోడ సాకెట్‌కు పెడితే ఇల్లంతా వెలుగుతుంది. ఇది పల్లెల్లో చాలామందికి తెలిసిన ఉపాయం. వయసులో ఉన్నప్పుడు మా ఇంట్లో నేనూ ఇదే పని చేశాను. చదువుకున్నవాణ్ణి, తెలియదని చెప్పుకోలేను. ఆ రోజు మా వీధి చివర స్తంభం ఎక్కిన లైన్‌మన్ తీగలు ముట్టుకునే ముందు వాటిని షార్ట్ చేసి ఎర్త్ చేసే అలవాటున్న మనిషి. అందుకే బతికాడు. కిందికి దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను, ఒక్కటీ తప్పు కాదు.

జరిగేది ఏమిటంటే, మీ జనరేటర్ ఇచ్చే 230 వోల్టులు మీటరు దాటి బయటి లైనులోకి వెళతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వాటిని తిరగేసి 11,000 వోల్టులు చేసి పంపుతుంది. ఊరంతటి లోడు పడితే జనరేటర్ ఆగిపోతుందిలే అనుకోవద్దు. తుఫానులో తీగలు తెగి మీ ఇల్లు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే కలిసి మిగిలి ఉండవచ్చు. పైగా ఊడిన ప్లగ్గు పిన్నుల్లో కూడా కరెంటు ఉంటుంది.

అందుకే మీటరు తర్వాత చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించాలి. ఒకవైపు లైను, ఒకవైపు జనరేటర్, రెండూ ఒకేసారి కలవవు. సింగిల్ ఫేజ్ ఇంటికి ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా మార్చే రెండు పోల్స్ స్విచ్, త్రీ ఫేజ్‌కు నాలుగు పోల్స్ స్విచ్ అడగండి. జనరేటర్‌కు సరైన ఎర్తింగ్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. స్విచ్ లేనివాళ్లు ఎక్స్‌టెన్షన్ వైరుతో ఫ్రిజ్‌కో, ఫ్యాన్‌కో నేరుగా ఇచ్చుకోవాలి తప్ప గోడ సాకెట్‌లోకి పంపకూడదు.

తెగి పడిన ఏ తీగనైనా, ఎన్ని రోజులు కరెంటు లేకపోయినా, కరెంటు ఉన్నట్టే లెక్క. పక్క వీధిలో ఎవరో రెండు కొనల ప్లగ్గు పెట్టి ఉండవచ్చు. దూరంగా ఉండి 1912కి చెప్పండి.

ఎంత సైజు?

బల్బులు, మూడు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ వరకైతే 2 కేవీఏ సరిపోతుంది. కష్టమంతా మోటారుతోనే. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి 1 హెచ్‌పీ నీళ్ల మోటారు కూడా నడవాలంటే 3 నుంచి 3.5 కేవీఏ కావాలి. మోటారును ముందు స్టార్ట్ చేసి, తర్వాత మిగతావి వేసుకోవాలి. పొలంలో 5 హెచ్‌పీ బోరు కూడా దీంతోనే నడపాలనుకుంటే 12.5 నుంచి 15 కేవీఏ త్రీ ఫేజ్ యంత్రం అవసరం, అది వేరే ఖర్చు. గడ్డి కోసే మిషన్‌ను కరెంటు వచ్చాక నడుపుకోవచ్చు. రొయ్యల చెరువుల ఏరేటర్ల లెక్క దీనికి పూర్తిగా వేరు, దాన్ని ఇంటి జనరేటర్‌తో కలపకండి.

పైకప్పు మీద సోలార్ పలకలు ఉన్నాయి కదా, జనరేటర్ ఎందుకు అని కొందరు అడుగుతున్నారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ భద్రత కోసం అలా తయారు చేశారు. ఎండ కాస్తున్నా ఇంట్లో చీకటే. కరెంటు లేనప్పుడు కూడా పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించుకోవాలి.

ఇంధనం

2 కేవీఏ పెట్రోలు జనరేటర్ గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున ఐదు రోజులకు 20 లీటర్లు సరిపోతాయి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి పెట్రోలు నిల్వ ఉంచకూడదు. ఉంచేది కూడా 25 లీటర్లకు మించని లోహపు డబ్బాలో. నీళ్ల సీసాలు, పాత పురుగుమందు డబ్బాలు పనికిరావు. వంటింటికి, గడ్డివాముకు దూరంగా పెట్టండి. ఇంజిన్ ఆపి పావుగంట చల్లారాకే ట్యాంకు నింపాలి. చీకట్లో సెల్‌ఫోన్ లైటు వేసుకోండి, దీపం గానీ అగ్గిపుల్ల గానీ వద్దు. పెట్రోలును రెండు మూడు నెలలకు మించి దాచవద్దు, బండిలో పోసి వాడేసుకుని కొత్తది తెచ్చుకోండి.

నెలకొకసారి లోడు వేసి పావుగంట నడపండి, ఆయిల్ చూసుకోండి. ఏడాదంతా మూలన పడేసి తుఫాను రోజున తాడు లాగితే స్టార్ట్ కాదు.

కరెంటు వచ్చినప్పుడు

చేంజ్ ఓవర్ జనరేటర్ వైపు ఉంటే లైన్లో కరెంటు వచ్చిన సంగతి ఇంట్లో తెలియదు. అందుకని స్విచ్‌కు ముందు, మీటరు వైపు, ఒక చిన్న ఇండికేటర్ బల్బు పెట్టించండి. అది వెలిగితే ముందు ఫ్రిజ్, మోటారు, ఫ్యాన్లు ఆపండి. తర్వాత జనరేటర్ ఆపి, స్విచ్‌ను లైను వైపు తిప్పండి. కొత్తగా లాగిన లైన్లలో మొదట వోల్టేజి ఎక్కువ తక్కువలు అవుతుంటాయి. పది నిమిషాలు బల్బులు మాత్రమే వెలిగించి చూసి, నిలకడగా ఉంటే ఫ్రిజ్, ఆ తర్వాత మోటారు వేసుకోండి. త్రీ ఫేజ్ మోటారు అయితే నీరు ఎప్పటిలా వస్తోందో లేదో చూడండి. లైన్లు మళ్లీ కలిపేటప్పుడు ఫేజులు తారుమారైతే మోటారు తిరగబడి తిరుగుతుంది. నీరు తక్కువ వస్తే వెంటనే ఆపి లైన్‌మన్‌కు చెప్పండి.