చేతిరాత వెనుక చరిత్ర

బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళ్లాయి. అక్కడి రైల్వే కాలనీలలో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒకటి. అటువంటి చోట పెరిగే తెలుగు పిల్లల చుట్టూ తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు – నాలుగు లిపులుంటాయి. బెంగాలీ అక్షరాలు పైగీతకు వేలాడతాయి. మన అక్షరానికి తలకట్టు పైన, వత్తు కింద. చాలామంది పిల్లలు వీటిని క్రమంగా నేర్చుకుంటారు. కొందరు మాత్రం నోటితో చక్కగా చెప్పిన జవాబునే కాగితం మీద పెట్టలేరు. దీనినే డిస్‌గ్రాఫియా అంటారు. దీనికి కారణం లిపులు ఎక్కువ కావడం కాదు. ఒకే లిపి నేర్చుకునే పిల్లలలోనూ ఇది కనిపిస్తుంది.

రాత చేతి పని మాత్రమే కాదని వైద్యులు 19వ శతాబ్దంలోనే గమనించారు. మెదడు దెబ్బతిని రాసే శక్తి పోయిన స్థితికి 1867లో విలియం ఓగిల్ ‘అగ్రాఫియా’ అని పేరు పెట్టాడు. 1881లో సిగ్మండ్ ఎక్స్‌నర్ మెదడు ముందు భాగంలో రాతకు సంబంధించిన చోటును సూచించాడు. పెద్దలు కోల్పోయిన శక్తిని గురించిన ఈ పరిశీలనల తరువాత, అదే శక్తిని సంపాదించలేక అవస్థపడే పిల్లల మీదికి దృష్టి మళ్లింది.

రాసేటప్పుడు ధ్వని, అక్షర రూపం, వేళ్ల కదలిక ఒకేసారి కుదరాలి. అక్షర రూపం వెతుక్కోవడానికే శ్రద్ధంతా ఖర్చయితే చెప్పదలచిన విషయం జారిపోతుంది. కాబట్టి వందసార్లు ఇంపొజిషన్ రాయించడం వైద్యం కాదు. అక్షరాభ్యాసంలో బియ్యంలో వేలితో దిద్దించినట్లు పెద్ద పెద్ద అక్షరాలు దిద్దించడం, గళ్ల కాగితం ఇవ్వడం, జవాబు నోటితో చెప్పనివ్వడం, కీబోర్డు నేర్పడం మేలు.

చట్టం ఆలస్యంగా కళ్లు తెరిచింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బంది ఊసే లేదు. 2016 చట్టం మాత్రం 21 వైకల్యాలను గుర్తిస్తూ డిస్‌గ్రాఫియాను పేరుతో సహా చేర్చింది. అయినా 2021 నీట్‌లో ఈ ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థినికి రావలసిన అదనపు గంట దక్కలేదు. ఆమెకు అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టు అదే నవంబరులో తేల్చింది. మళ్లీ పరీక్ష పెట్టమనలేదు గానీ, ఆ అన్యాయాన్ని ఎలా సరిదిద్దాలో వారంలోగా ఆలోచించమని పరీక్షా సంస్థను ఆదేశించింది.

తీర్పు వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. అందుకే గుర్తింపు, ధ్రువపత్రం, అదనపు సమయం కోసం అర్జీ పరీక్షకు ఎంతో ముందే జరగాలి. మీ తరగతిలో ఎవరి రాతనైనా ‘కోడిగీతలు’ అని నవ్వే ముందు ఈ చరిత్రను తలచుకోండి.