పల్లె బడిని తూచిన తక్కెడ

ఏ బడి మంచిదని ఎవరైనను అడిగినచో, పరీక్షలో ఎందరు పాసయినారని మనము ఎదురు ప్రశ్న వేయుచుందుము. ఈ కొలత నేటిది కాదు. దీనికొక చరిత్ర యున్నది.

1862లో ఇంగ్లాండు ప్రభుత్వము బడులకిచ్చు సహాయ ధనపు నిబంధనలను సవరించినది. చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో బిడ్డ ఇన్‌స్పెక్టరు ఎదుట నెగ్గినచో విషయమునకు 2 షిల్లింగుల 8 పెన్నీలు బడికి దక్కును. తప్పినచో ఆ సొమ్ము పోవును. కూలివారి పేటలోని బడియు, కలిగినవారి వీధిలోని బడియు ఒకే తక్కెడలో తూగవలసి వచ్చినవి. గ్రాంటు నిలుపుకొనుటకై ఉపాధ్యాయులు బట్టీ పట్టించసాగిరి. తానే ఇన్‌స్పెక్టరుగా నుండిన కవి మాత్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని ఖండించెను. 1890లలో అది అంతరించినది. మద్రాసు రాజధానిలోని బడులు కూడ ఆ కాలమున ఫలితాల గ్రాంటును చవిచూచినవి.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ బృందము వేలాది బడులను పరిశీలించి, మార్కుల వ్యత్యాసమునకు బడి వసతులకంటె ఇంటి పరిస్థితులే ఎక్కువ కారణమని తెలిపినది.

ఇక మన ఆంధ్ర పల్లెల సంగతి. 2008లో ఐదు జిల్లాల 180 గ్రామములలో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ అను పరిశోధకులు ఒక పరీక్ష ప్రారంభించిరి. పైపైన చూచినచో ప్రైవేటు బడుల పిల్లలే ముందుండిరి. అయితే వారు ప్రభుత్వ బడుల పిల్లలలో కొందరిని చీట్లు తీసి ఎంచుకొని, ఫీజులు చెల్లించి ప్రైవేటు బడులకు పంపిరి. నాలుగేండ్లకు, చీటీ వచ్చినవారికిని రానివారికిని తెలుగులోను లెక్కలలోను తేడా కనబడలేదు. హిందీలో మాత్రము చీటీ వచ్చినవారు మెరుగైరి. తలకు అయ్యెడి ఖర్చు ప్రైవేటు బడిలో మూడవ వంతుకంటె తక్కువనుటయు నిజమే.

కావున తొలుత కనబడిన ఆధిక్యములో చాలవరకు బడిది కాదు, ఇంటిది. ఈ మాట చెప్పి ప్రభుత్వ బడి లోపములను కప్పిపుచ్చరాదు. రెండు బడులలోను నేర్వవలసినది మిగిలియున్నది. కాని కూలి చేసి ఫీజు కట్టు తల్లికి ఈ లెక్క తెలియవలెను. బడిలో చేరినప్పుడు బిడ్డకేమి వచ్చును, ఏడాది గడచిన పిమ్మట ఏమి వచ్చును? ఈ రెండు ప్రశ్నలు ప్రతి బడిని అడుగుదము. పేదవాడి బడికి న్యాయమైన తూనిక అదియే.